ట్రాక్టర్ తెలుసు సరే... ఈ సంగతులు తెలుసా?

ట్రాక్టర్ చూడని తెలుగువాళ్లు ఉండరు. చప్పుడు వినగానే అది ఏ కంపెనీ బండో చెప్పేసే పిల్లలు ప్రతి పల్లెలోనూ ఉంటారు. అయినా పందెం! ఈ కింది సంగతుల్లో సగమైనా మీకు కొత్తవే. కాదంటారా? చదివి చెప్పండి!

దుక్కిలో గమ్మత్తులు

మీకు తెలుసా? జత ఎద్దులతో ఎకరం చేను ఒక్కసారి దున్నాలంటే రైతు నడవాల్సిన దూరం దాదాపు 20 కిలోమీటర్లు! ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. సాలు వెడల్పు 20 సెంటీమీటర్లు వేసుకోండి, లెక్క అక్కడికే వస్తుంది. రెండు మీటర్ల గొర్రు తగిలించిన ట్రాక్టర్‌కు అదే ఎకరం రెండే కిలోమీటర్లు. పదెకరాల తాతయ్య ఒక్క దుక్కికే ఇంచుమించు హైదరాబాద్ నుంచి కర్నూలు దాకా నడిచాడన్నమాట. అదీ నాగలి మేడి పట్టుకుని!

మీకు తెలుసా? జత ఎద్దులు నిలకడగా ఇచ్చే బలం సుమారు ఒక హార్స్‌పవర్. 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ కొట్టంలో ఉందంటే 90 ఎద్దుల బలం ఉన్నట్టే. అన్ని ఎద్దులకు కుడితి పెట్టాలంటే ఎన్ని కుండలు కావాలో ఊహించుకోండి!

మీకు తెలుసా? నాగలిని ట్రాక్టర్ లాగుతుంది. రోటావేటర్ మాత్రం ట్రాక్టర్‌నే ముందుకు తోస్తుంది! దాని కత్తులు బండి చక్రాలు తిరిగే వైపుకే తిరుగుతూ మట్టిని వెనక్కి తన్నుతాయి. ఆ తన్నుడుకు బండి ముందుకు కదులుతుంది. పనిముట్టే బండిని నెట్టడం ఎక్కడైనా విన్నారా?

మీకు తెలుసా? ఆ రోటావేటర్‌కు పునాది వేసింది ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు! ఆస్ట్రేలియాలోని గిల్‌గాండ్రా దగ్గర, 1912లో, ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్ తన తండ్రి పొలంలోనే మొదటి ప్రయోగాలు చేశాడు. ఇవాళ మన చేలల్లో గరగరా తిరుగుతున్నది ఆ కుర్రాడి ఆలోచనే!

మీకు తెలుసా? ట్రాక్టర్ వెనక, సీటుకు దిగువన, ఒక పళ్ల కడ్డీ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అదే పీటీవో షాఫ్టు. దాని ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు. చాలా బండ్లకు ఇదే కొలత కాబట్టే పక్కింటి వాళ్ల రోటావేటర్ మన ట్రాక్టర్‌కు తగులుతుంది. సెకనుకు 9 చుట్లు! కండువా కొస చిక్కితే "అయ్యో" అనేలోపే తొమ్మిది మెలికలు. ముందు ఇంజిన్ ఆపండి, తర్వాతే అటు వెళ్లండి!

మీకు తెలుసా? వరి మడిలో దమ్ము చేసేది మట్టి మెత్తబడడానికే కాదు, నీళ్లు ఇంకిపోకుండా ఆపడానికి కూడా! బురదలో చక్రాలు తిరిగే కొద్దీ మట్టిలోని సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయి. అడుగున గట్టి పొర తయారవుతుంది. పైన మెత్తన, కింద గట్టిదనం... రెండూ ఒకే పనితో!

మీకు తెలుసా? దమ్ములో దర్జాగా తిరిగే ఇనుప కేజీ వీల్స్ తారు రోడ్డెక్కితే జరిమానా పడొచ్చు, కేసు కూడా కావచ్చు! ఆ ఇనుప పళ్లు దిగితే తారు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అందుకే బాధ్యత తెలిసిన డ్రైవర్ వాటిని ట్రక్కులో వేసుకెళ్లి పొలం గట్టు దగ్గరే బిగించుకుంటాడు. మడిలో హీరో, రోడ్డు మీద విలన్!

చక్రాల దగ్గర చిత్రాలు

మీకు తెలుసా? ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండు! ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. సాలు చివర గట్టు దగ్గర డ్రైవర్ స్టీరింగ్ ఎడమకు తిప్పి ఎడమ బ్రేకు ఒక్కటే నొక్కుతాడు. ఎడమ పెద్ద చక్రం ఉన్నచోటే నిలిచిపోతుంది, బండి దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు మాత్రం రెండు పెడళ్లకూ కొక్కెం వేసి కలపాల్సిందే. లేదంటే వేగంలో ఒక్క బ్రేకు పడి బండి పక్కకు లాగేస్తుంది. చిన్న కొక్కెం, పెద్ద ప్రాణం!

మీకు తెలుసా? ట్రాక్టర్ టైర్లలో గాలే కాదు, నీళ్లు కూడా పోస్తారు! వాల్వు పైకి వచ్చేలా చక్రం తిప్పి, ముప్పావు వంతు దాకా నీళ్లు నింపుతారు. వెనక చక్రాలకు బరువు పెరిగి, జారకుండా నేలను పట్టుకుంటాయి. పంక్చర్ షాపులో నీళ్లు కారితే కంగారు పడకండి, అది జబ్బు కాదు!

మీకు తెలుసా? అంత పెద్ద టైరులో గాలి ఒత్తిడి కారు టైరులో ఉండేదాంట్లో సగం కూడా ఉండదు! కారుకు 30 పీఎస్‌ఐ పైన కొట్టిస్తాం. దుక్కిలో ట్రాక్టర్ వెనక టైరుకు 12 నుంచి 14 చాలు. గాలి తగ్గితే టైరు నేల మీద పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది, మట్టి అణగదు. పెద్దవాడికి తక్కువ, చిన్నవాడికి ఎక్కువ... ఇదేం న్యాయమో!

మీకు తెలుసా? ట్రాక్టర్ వెనక టైరుకు ముందూ వెనకా ఉంటాయి! పక్కన బాణం గుర్తు చూడండి. దాని ప్రకారం బిగిస్తే కట్లలో చిక్కిన బురద దానంతట అదే బయటికి జారిపోతుంది. తిరగేసి బిగిస్తే బురద పేరుకుని పట్టు పోతుంది. ఎటు తిప్పినా గుండ్రమే కదా అనుకున్నారా? కాదండీ!

మీకు తెలుసా? సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లు "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అంటారు. ట్రాక్టర్ కొనేవాళ్లు "ఎన్ని గంటలు తిరిగింది?" అంటారు! సర్వీసింగు కూడా గంటల లెక్కే. ఇంకో వింత వినండి. పాత రకం మీటర్లు ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతాయి. ఇంజిన్ నెమ్మదిగా నడిస్తే మీటర్‌లో గంట గడవడానికి మన గడియారంలో గంట దాటిపోతుంది. ట్రాక్టర్ గంట వేరు, మన గంట వేరు!

వెనకటి వింతలు

మీకు తెలుసా? ముందుకే కాదు, వెనక్కి కూడా చక్కగా నడిచిన తొలి పెట్రోలు ట్రాక్టర్‌ను 1892లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జాన్ ఫ్రోలిచ్ తయారుచేశాడు. రివర్స్ గేరే అప్పట్లో పెద్ద వార్త!

మీకు తెలుసా? 1921లో వచ్చిన జర్మనీ ట్రాక్టర్ లాంజ్ బుల్‌డాగ్‌కు ఉన్నది ఒక్కటే సిలిండర్. ఆ వరుసలో తర్వాత వచ్చిన బండ్లను స్టార్ట్ చేయాలంటే డ్రైవర్ ముందు స్టీరింగు ఊడదీయాలి! దాన్ని కడ్డీతో సహా లాగి, పక్కనున్న చక్రానికి తగిలించి తిప్పితే ఇంజిన్ అందుకుంటుంది. తర్వాత మళ్లీ తెచ్చి బిగించుకోవాలి. దొంగ వచ్చినా దండం పెట్టి పోవాల్సిందే!

మీకు తెలుసా? ఇవాళ నాగలి, గొర్రు, రోటావేటర్ అన్నీ తగిలించే మూడు చేతుల అమరికను తీర్చిదిద్దిన హ్యారీ ఫెర్గూసన్ అంతకుముందు విమానం కట్టి ఎగరేశాడు! 1909 డిసెంబరు 31న ఐర్లాండ్ గడ్డ మీద తొలిసారి విమానం నడిపింది ఆయనే. నాగలి నేలలో దిగేకొద్దీ ఆ బరువు వెనక చక్రాల మీద పడేలా చేయడం ఆయన అమరికలోని కిటుకు. ఆకాశంలోకి ఎగిరినవాడే నేలలోకి దిగే దారీ చూపించాడు!

మీకు తెలుసా? అదే ఫెర్గూసన్ 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కాగితం మీద సంతకం లేకుండా, ఉత్త కరచాలనంతో ఒప్పందం చేసుకున్నాడు. పెద్దాయన ఫోర్డ్ తర్వాత కంపెనీ మనవడి చేతికి వచ్చింది, ఒప్పందం తెగింది, గొడవ కోర్టుకెక్కింది. 1952లో ఫెర్గూసన్‌కు దక్కిన సొమ్ము 92.5 లక్షల డాలర్లు! చేయి కలిపితే కలిపారు గానీ, ఒక కాగితం కూడా రాసుకోండి బాబూ!

మీకు తెలుసా? ట్రాక్టర్‌కు రబ్బరు టైర్లు ఏమిటని ఒకప్పుడు రైతులు నమ్మలేదు. 1933లో కారు పందేల వీరుడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ రబ్బరు టైర్ల ట్రాక్టర్‌ను గంటకు 64 మైళ్ల వేగంతో, అంటే 103 కిలోమీటర్లతో దూకించాడు. ఇనుప చక్రాల కాలానికి అక్కడి నుంచి ముగింపు మొదలైంది. ప్రచారమంటే అదీ!

మీకు తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధంలో కదనరంగానికి దిగిన ట్యాంకులకు ప్రేరణ పొలంలోనే పుట్టింది! చక్రాలు కూరుకుపోయే మెత్తటి నేలల కోసం బెంజమిన్ హోల్ట్ 1904లో కాలిఫోర్నియాలో గొలుసు పట్టాల ట్రాక్టర్‌ను పరీక్షించాడు. ట్యాంకుల రూపకర్తలు చూసింది ఆ బండ్లనే. దుక్కి కోసం పుట్టింది, యుద్ధానికి పోయింది!

రికార్డుల మోత

మీకు తెలుసా? ఎవరెస్ట్ ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువానికి చేరింది ట్రాక్టర్ మీద! 1958 జనవరి 4న, మామూలు ఫెర్గూసన్ వ్యవసాయ ట్రాక్టర్లకే పట్టాలు తొడిగి ఆయన బృందం ధ్రువాన్ని అందుకుంది. నేల మీదుగా మోటారు వాహనంలో అక్కడికి చేరిన తొలి బృందం అదే. దున్నడానికి అంగుళం మట్టి లేని చోట ట్రాక్టర్ జెండా పాతింది!

మీకు తెలుసా? కోట్ల రూపాయల లాంబోర్గినీ కారు కంటే ముందు లాంబోర్గినీ ట్రాక్టర్ వచ్చింది! ఇటలీ రైతు బిడ్డ ఫెరుచియో లాంబోర్గినీ 1948లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టాడు. కార్లు మొదలుపెట్టింది 1963లో. 'పోర్షే డీజిల్' పేరుతో జర్మనీలో ట్రాక్టర్లు తయారైన సంగతి తెలుసా? అది 1956 నుంచి 1963 వరకు. మనవాళ్లు లాంబోర్గినీ మీద దుక్కికి పోతే ఎలా ఉండేదో!

మీకు తెలుసా? ప్రపంచంలో అతిపెద్ద వ్యవసాయ ట్రాక్టర్ 'బిగ్ బడ్ 747'. 1977లో అమెరికాలోని మోంటానాలో తయారైంది. 16 సిలిండర్లు, ఎనిమిది టైర్లు, ఒక్కో టైరు ఎత్తు 8 అడుగులు! 80 అడుగుల వెడల్పు గొర్రు లాగుతూ నిమిషానికి ఎకరం పైనే దున్నేస్తుంది. మన అరెకరం మడిలో దింపితే తిరగడానికి చోటు చాలదు!

మీకు తెలుసా? ట్రాక్టర్ వేగంలో ప్రపంచ రికార్డు గంటకు 217 కిలోమీటర్ల పైమాట! 2019 అక్టోబరులో, ఇంగ్లండ్‌లోని ఎల్వింగ్టన్ విమానాశ్రయంలో గై మార్టిన్ జేసీబీ ఫాస్ట్‌రాక్‌తో దీన్ని సాధించాడు. ఇంజిన్ బలం వెయ్యి హార్స్‌పవర్ పైనే. వెనక ట్రక్కు తగిలిస్తే మాత్రం మనకొద్దు బాబోయ్!

మీకు తెలుసా? దున్నడంలో ప్రపంచ కప్పు పోటీలున్నాయి! మొదటిది 1953లో కెనడాలో జరిగింది. సాలు ఎంత తిన్నగా ఉంది, లోతు ఎంత సమంగా ఉంది... వీటికే మార్కులు. దారం పట్టినట్టు సాలు తీసే మన ఊరి డ్రైవర్లకు ఇంకా కబురు అందలేదేమో!

మన దేశం, మన గడ్డ

మీకు తెలుసా? సంఖ్యలో చూస్తే ప్రపంచంలో అతిపెద్ద ట్రాక్టర్ మార్కెట్ మనదే! 2022-23లో దేశంలో అమ్ముడైనవి 9 లక్షలు దాటాయి. సంఖ్యలో ప్రపంచంలోనే అత్యధిక ట్రాక్టర్లు తయారుచేసే కంపెనీ మహీంద్రా కూడా మనదే. దాని కర్మాగారాల్లో ఒకటి తెలంగాణలోని జహీరాబాద్‌లో ఉంది. ప్రపంచ రికార్డు పక్క ఊళ్లోనే ఉందండోయ్!

మీకు తెలుసా? మన దేశంలో తయారైన తొలి ట్రాక్టర్ 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్‌లోని ఐషర్ కర్మాగారం గడప దాటింది. అంతకుముందు వాడినవన్నీ ఓడెక్కి వచ్చినవే. పూర్తిగా మన ఇంజినీర్లే గీసిన స్వరాజ్ ట్రాక్టర్ నమూనా దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధనశాలలో పుట్టి, 1974లో పంజాబ్ నుంచి రైతుల చేతికి వచ్చింది. పేరుకు తగ్గ పుట్టుక!

మీకు తెలుసా? ట్రాక్టర్లకూ పరీక్షలుంటాయి! అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. అది ఉన్న చోటి పేరేమిటో చెప్పుకోండి చూద్దాం... ట్రాక్టర్ నగర్! బండి పేరుతో ఏకంగా ఒక నగరే వెలిసింది!

మీకు తెలుసా? 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాక 7 లక్షలున్న బండి మీద మిగిలేది 49 వేలు. ఒక పనిముట్టు ఖర్చులో కొంత చేతికొచ్చినట్టే!

మీకు తెలుసా? డీజిల్ అక్కర్లేని ట్రాక్టర్లూ వచ్చేశాయి! 2020లో హైదరాబాద్ సంస్థ సెలెస్టియల్ కరెంటు ట్రాక్టర్‌ను చూపించింది. 2021 ఫిబ్రవరిలో డీజిల్ నుంచి సీఎన్‌జీకి మార్చిన తొలి ట్రాక్టర్‌ను దేశం చూసింది. చప్పుడు లేని ట్రాక్టర్ వస్తే ఊరి పిల్లలు కంపెనీ పేరు ఎలా చెబుతారో మరి!

ఇవి మాత్రం మరవొద్దు

మీకు తెలుసా? వాలు ఎక్కుతున్నప్పుడో, బురదలో దిగబడినప్పుడో ముందు చక్రాలు పైకి లేచి ట్రాక్టర్ వెనక్కి పల్టీ కొట్టడానికి ఒకటిన్నర సెకను చాలు! దూకేంత సమయం కూడా ఉండదు. అందుకే స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. దిగబడితే మొండిగా క్లచ్ వదలకండి, సాయం పిలవండి!

మీకు తెలుసా? ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే, అది డ్రైవర్‌ది! మడ్‌గార్డు సీటు కాదు. పిల్లలు ఎంత ముచ్చటపడినా అక్కడ కూర్చోబెట్టొద్దు. ముచ్చట తీరాలంటే బండి నిలిపి, ఇంజిన్ ఆపి, డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ఫొటో తీయండి!

కిరాయి బండి కబుర్లు

మీకు తెలుసా? ట్రాక్టర్ వాడే చిన్న రైతుల్లో ఎక్కువమందికి సొంత ట్రాక్టర్ లేదు! రెండెకరాలకు లక్షల బండి కొంటే గిట్టదు. కిరాయికి పిలిస్తే చాలు, ఎకరానికి ఇంతనో గంటకు ఇంతనో లెక్క. ఒకరు కొంటే ఊరంతా దున్నుకుంటుంది!

మీకు తెలుసా? 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్‌లో నీళ్ల బరువే 5 టన్నులు. లాగే ట్రాక్టర్ బరువు ఇంచుమించు 2 టన్నులే! తనకంటే రెండున్నర రెట్లు బరువు, అదీ లోపల అటూ ఇటూ ఊగే బరువు. ఎండాకాలం పెళ్లి ఇంటికి దాని హారను వినబడితే వచ్చే ఆనందం సన్నాయికి కూడా రాదు!

మీకు తెలుసా? ఇల్లు కట్టే మేస్త్రి ఇసుకను కిలోల్లో అడగడు, ట్రిప్పుల్లో అడుగుతాడు. వంద ఘనపుటడుగుల ఇసుక ఒక యూనిట్. తూకం వేస్తే సుమారు నాలుగున్నర టన్నులు! మేస్త్రి మాత్రం ట్రక్కు అంచు దాకా నిండిందో లేదో కంటితోనే కొలిచేస్తాడు.

మీకు తెలుసా? కదలకుండా నిలబడి డబ్బు సంపాదించే ట్రాక్టర్లున్నాయి! వెనక కంప్రెసర్ బిగించిన బండిని బావి గట్టున నిలబెడితే, దాని గాలితో డ్రిల్లు బండరాయికి రంధ్రాలు వేస్తుంది. ఒక్క అడుగు వేయకుండా రోజంతా పని. కూర్చున్న చోటే సంపాదన అంటే ఇదే!

మీకు తెలుసా? వరి కోతలైన చేలో బేలర్ తగిలించిన ట్రాక్టర్ తిరుగుతుంటే వెనక నుంచి గుండ్రటి గడ్డి చుట్టలు టపటపా రాలతాయి. కిరాయి ఎకరానికి కాదు, కట్టకు ఇంత! ఎన్ని పడ్డాయో లెక్కించే మీటరూ బేలర్‌కే ఉంటుంది. తగాదాకు చోటే లేదు!

మీకు తెలుసా? తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయాలని గుర్తించిన చెరువులు 46 వేలకు పైనే. తీసిన ఒండ్రుమట్టిని రైతులు తమ సొంత ఖర్చుతో ట్రాక్టర్లలో చేలకు తోలుకున్నారు. చెరువుకు లోతు, చేనుకు సత్తువ... ఒకే ట్రిప్పులో రెండు లాభాలు!

మీకు తెలుసా? తెలంగాణలో పన్నెండు వేలకు పైగా ఉన్న గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ ఇచ్చారు. పొద్దున చెత్త బండి, తర్వాత మొక్కలకు నీళ్ల బండి. రైతు ట్రాక్టర్ కూడా తక్కువేం కాదు. తెల్లవారుజామున దమ్ము, మధ్యాహ్నం ధాన్యం బస్తాలు, వేసవిలో నీళ్లు, వినాయకుడి నిమజ్జనానికి ఊరేగింపు రథం, దసరాకు పసుపు, కుంకుమ, గుమ్మడికాయ, చక్రాల కింద నిమ్మకాయలు! ఇన్ని ఉద్యోగాలు చేస్తూ, ఏడాదికొక్కసారి పూజ అందుకుని, మర్నాడే మళ్లీ పనిలోకి దిగే ఉద్యోగి మీ ఊళ్లో ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే పేరు చెప్పండి చూద్దాం!